వినకుండానే నవ్వారు, వినకుండానే గర్వపడ్డారు

సంపాదకుల వారికి నమస్కారం.

గత వారం మీ ఆదివారం అనుబంధంలో ఆధునిక పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద రెండు పేజీల వ్యాసం వేశారు. తెలుగు పత్రికలో ఈ విషయానికి రెండు పేజీలు దక్కడమే అబ్బురం కాబట్టి కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివాను. మొదటి పేజీ నిండా వెటకారం. పియానో ముందు కూర్చుని ఒక్క స్వరమైనా వాయించకుండా లేచిపోయిన పెద్దమనిషి, 639 ఏళ్లపాటు సాగే పాట, 100 మెట్రోనోములు (లయ చూపే గడియారం లాంటి యంత్రాలు) టిక్కుటిక్కుమంటే దానికి సింఫనిక్ పొయెమ్ అని పేరు. రెండో పేజీకి వచ్చేసరికి గొంతు మారింది. ఆ సంగీతకారులంతా మన తాళాలు, మన రసాలు, మన ధ్యానం పట్టుకుపోయారట. వాళ్ల కొత్తదనమంతా మన పాత సరుకేనట. వ్యాసకర్త గారు ఒక సంగతి గమనించినట్టు లేదు. మొదటి పేజీలో పిచ్చిదని తేల్చిన సంగీతాన్నే రెండో పేజీలో మనదని చెప్పుకున్నారు. రెండూ నిజమైతే ఆ పిచ్చి కూడా మనదే కావాలి కదా!

నేను మృదంగం చెప్పుకుని బతికినవాణ్ణి. ప్రభుత్వ సంగీత పాఠశాలలో ఉద్యోగం చేసి విరమించాను. ఇప్పటికీ సాయంత్రాలు కొందరు పిల్లలు మా ఇంటికి వస్తారు. పాశ్చాత్య సంగీతంలో నాకు పట్టాలేవీ లేవు. వాళ్ల అయిదు గీతల స్వరలిపిని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాను. అయితే కాలాన్ని కొలిచి ముక్కలు చేయడం నా వృత్తి కనుక, ఆ పని ఎవరు ఎక్కడ చేస్తున్నా ఆగి చూడటం అలవాటు. ఆ కృతుల్లో ఒక్కదాన్నైనా మొదటి నుంచి చివరి దాకా విని ఈ వ్యాసం రాశారని నాకు తోచలేదు. నా ఫిర్యాదు మొత్తం అదే. మిగిలినదంతా దానికి ఆధారం.

ముందుగా ఆ వాయించని పియానో సంగతి. అది అమెరికా సంగీతకర్త జాన్ కేజ్ రచనే గాని, మీ వ్యాసం చెప్పినట్టు ఆ రోజు పియానో ముందు కూర్చున్నది కేజ్ కాదు, పియానో విద్వాంసుడు డేవిడ్ ట్యూడర్. 1952 ఆగస్టు 29న, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఉడ్‌స్టాక్ దగ్గర, వెనక వైపు అడవిలోకి తెరుచుకుని ఉండే మావెరిక్ అనే చెక్క హాలులో అది జరిగింది. ఆ రచన మొత్తం 4 నిమిషాల 33 సెకన్లు, దాన్ని మూడు భాగాలు చేశారు: 33 సెకన్లు, 2 నిమిషాల 40 సెకన్లు, 1 నిమిషం 20 సెకన్లు. ప్రతి భాగం మొదట్లో పియానో మూత మూయడం, చివర తెరవడం. మొదట బయటి గాలి, తర్వాత కప్పు మీద చినుకులు, ఆఖరికి లేచి వెళ్లిపోతున్న జనం గొణుగుడు వినిపించాయని కేజ్ తర్వాత చెప్పుకున్నారు. అంతకు కొంతకాలం ముందు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రతిధ్వని లేని గదిలోకి వెళ్తే అక్కడా ఆయనకు రెండు ధ్వనులు వినిపించాయట. ఒకటి నీ నాడీమండలానిది, రెండోది నీ రక్తప్రసరణది అని అక్కడి ఇంజనీరు చెప్పాడట. నిశ్శబ్దమనేది ఎక్కడా లేదని అప్పుడు ఆయనకు రూఢి అయింది.

మృదంగం వాయించేవాడికి ఇది మరీ వింతగా ఉండదు. ముక్తాయిలో, అంటే వాయింపును ముగించే లెక్కలో, రెండు అక్షరాల కాలం ఖాళీ వదిలితే ఆ ఖాళీని కూడా మా వేళ్లు లెక్కపెడతాయి. వాయించిన చోట తప్పు జరిగితే కప్పిపుచ్చుకోవచ్చు. ఖాళీ వదిలిన చోట తప్పితే సభ అంతటికీ తెలిసిపోతుంది. అయితే ఆ ఖాళీని ఒక్కదాన్నే ఉంచి మిగతాదంతా తీసేస్తే ఏమవుతుందని అడగడం మాకెవరికీ తట్టలేదు. కేజ్‌కు తట్టింది. ఆయన చెప్పిన జవాబు నచ్చకపోతే పోనివ్వండి. జనం దగ్గర డబ్బు గుంజడానికి వేసిన ఎత్తు అని మాత్రం రాయకండి.

ఆ ఒక్క రచనతో కేజ్‌ను తూచడమూ అన్యాయమే. 1940 ప్రాంతంలో సియాటిల్‌లో ఒక నాట్యానికి ఆయన సంగీతం కూర్చవలసి వచ్చింది. తాళవాద్యాల బృందం ఉంటే బాగుండును. వేదిక మీద అంత చోటు లేదు. ఉన్నది ఒక పియానో. దాని తీగల మధ్య మరలు, బోల్టులు, రబ్బరు ముక్కలు దూర్చి, ఒక్క మనిషి చేతికే తాళవాద్య బృందాన్ని అప్పగించారు. మీ వ్యాసం దీన్ని 'ఖరీదైన వాద్యాన్ని పాడుచేయడం' అంది. మృదంగం కట్టేవారి దగ్గర ఒక పూట కూర్చున్నవారెవరూ ఆ మాట అనరు. కుడి మూత తోళ్ల మధ్య సన్నటి పుల్లలు చొప్పిస్తేనే దానికి ఆ గుంకారం వస్తుంది. మధ్యలో నల్లటి కరణను పొరలు పొరలుగా పెట్టి రాయితో రుద్దుతారు. ఎడమ వైపు తడిపిన రవ్వ ముద్ద అద్దుతాం, కచేరీ అయ్యాక గీకి పారేస్తాం. తంబురా సంగతీ అంతే. గుర్రం మీద తీగ కింద నూలుపోగును అటూ ఇటూ జరిపితేనే జీవ (తీగ వెంట సాగే ఝుంకారం) పలుకుతుంది. వాద్యానికి పరాయి వస్తువు తగిలించి నాదం మార్చడం మన పనివాళ్లు తరతరాలుగా చేస్తున్న పనే.

ఈ పద్ధతిలో కేజ్ 1946 నుంచి 1948 వరకు కూర్చిన పెద్ద కృతి ఒకటి ఉంది. సొనాటాలనే చిన్న రచనలు 16, మధ్యమధ్య ఇంటర్లూడులనేవి 4. పియానోలో 45 స్వరాల తీగలకు ఏ వస్తువును ఎంత దూరంలో బిగించాలో పట్టిక రాసి ఇచ్చారు. వాయించడానికి ముందు ఆ బిగింపు పనికే గంటలు పడుతుంది. వింటే పియానోలోంచి చిన్న గంటలు, చెక్కపలకలు, ఒక్కోచోట అచ్చంగా ఘటం పలుకుతాయి. దీనికి మూలం నవరసాలు. భారతీయ కళల పండితుడు ఆనంద కుమారస్వామి రచనలు చదివి కేజ్ ఆ ఆలోచన తెచ్చుకున్నారు. ఇంతవరకు మీ వ్యాసకర్త చెప్పింది నిజమే. కానీ అసలు మనిషిని వదిలేశారు. 1946లో అహ్మదాబాదు నుంచి గీతా సారాభాయ్ అనే యువతి న్యూయార్క్ వెళ్లారు. విక్రమ్ సారాభాయ్ చెల్లెలు. ఉత్తరాది మృదంగమైన పఖవాజ్ నేర్చిన స్త్రీ, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. కేజ్ దగ్గర ఆమె పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు, ఆయనకు మన సంగీతం చెప్పారు. మనసును నిమ్మళపరచి దైవానుభూతికి సిద్ధం చేయడమే సంగీతం పని అని తన గురువు చెప్పిన మాట ఆమె ద్వారానే కేజ్ చెవిన పడింది. దాన్ని ఆయన జీవితాంతం తలుచుకుంటూనే ఉన్నారు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకరి విద్య ఒకరికి ఇచ్చుకుంటే దాన్ని 'పట్టుకుపోవడం' అంటారా? పైగా ఆ తర్వాత కేజ్ జెన్ బౌద్ధం వైపు మళ్లారు, జెన్ పండితుడు సుజుకీ ఉపన్యాసాలు విన్నారు. చిత్రకారుడు రౌషెన్‌బర్గ్ ఏమీ గీయకుండా తెల్లగా వదిలిన చిత్రాలు చూసి ధైర్యం తెచ్చుకున్నానని తానే చెప్పారు. ఆ 4 నిమిషాల 33 సెకన్లను మొత్తంగా మన ఖాతాలో రాసుకోవడం కుదరదు.

వ్యాసంలో అన్నిటికన్నా ఎక్కువ గర్వపడింది ఒలీవియె మెస్సియాన్ గురించి. ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే ఇది నా ఇలాకా.

ఆయన ఫ్రాన్సు దేశపు సంగీతకర్త, చర్చిలో ఆర్గన్ వాయించేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు పట్టుబడి గోర్లిట్జ్ దగ్గరి ఖైదీల శిబిరంలో ఉన్నప్పుడు, దొరికిన వాద్యకారుల కోసం ఒక కృతి రాశారు. వయొలిన్, క్లారినెట్, చెల్లో, పియానో. 1941 జనవరి 15న, ఎముకలు కొరికే చలిలో, ఆ నలుగురూ తోటి ఖైదీల ముందు దాన్ని వాయించారు. పియానో ముందు మెస్సియానే. 'కాలాంతానికి చతుష్టయం' అనుకోవచ్చు దాని పేరు. ఆకాశవాణిలో పనిచేసే మిత్రుడొకరు ఎప్పుడో దాన్ని కేసెట్‌లో ఎక్కించి ఇచ్చారు. మొదటి భాగంలో క్లారినెట్టూ వయొలినూ పక్షుల్లా కూస్తూ ఉంటాయి. నా చెవి వాటి మీద నిలవలేదు, పియానో మీదికి పోయింది. దానిలో ఏదో లెక్క నడుస్తోంది, కానీ చెయ్యి వేద్దామంటే తాళం దొరకడం లేదు. కొన్నాళ్లు ఆ కేసెట్టును వెనక్కి తిప్పి తిప్పి వింటూ కాగితం మీద పొడుగు గీతలు, పొట్టి గీతలు గీసుకున్నాను. మా ఇంట్లోవాళ్లు నన్ను చూసి ఏమనుకున్నారో ఇక్కడ రాయను.

అందులో ఉన్నవి మూడు దేశీ తాళాలు: రాగవర్ధనం, చంద్రకళ, లక్ష్మీశం. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో 120 దేశీ తాళాల లక్షణాలున్నాయి, అందులోవి ఇవి. లఘువు ఒక కొలత, గురువు దానికి రెండింతలు, ప్లుతం మూడింతలు. చంద్రకళ అంటే మూడు గురువులు, మూడు ప్లుతాలు, ఒక లఘువు. మొత్తం 16 లఘువుల కాలం. మెస్సియాన్ వీటిని ఏ గురువు దగ్గరా నేర్వలేదు. పారిస్‌లో అచ్చయిన లావిన్యాక్ సంగీత విజ్ఞాన సర్వస్వంలో మన దేశం గురించి గ్రోసే అనే పండితుడు రాసిన భాగంలో ఆ తాళాల పట్టిక ఉంది. ఆయన చూసింది ఆ పట్టిక. చేతి క్రియ తెలియదు, దెబ్బ ఎక్కడో వేలు ఎక్కడో తెలియదు. మనకు తాళమంటే చుట్టు తిరిగి మళ్లీ మొదటికి వచ్చే ఆవర్తం. ఆయనకు అది పొడుగు పొట్టి వ్యవధుల వరుస మాత్రమే. కాబట్టి 'మన తాళాన్ని వాయించారు' అనడం సరికాదు. మన తాళం ఎముకలను తీసుకుని తనకు కావలసిన ఒళ్లు తొడిగారు.

ఆ ఒళ్లు ఎలాంటిదో చూడండి. ఈ మూడు తాళాలూ కలిపి 17 వ్యవధుల వరుస ఒకటి కట్టారు. పియానో పలికే స్వరసముదాయాలు (ఒక్కసారిగా మోగే స్వరాల గుంపులు) 29, అవీ వరుసగా తిరుగుతూ ఉంటాయి. 17కూ 29కీ ఉమ్మడి భాజకం లేదు. మొదటి వ్యవధి, మొదటి సముదాయం మళ్లీ ఒకచోట కలవాలంటే 17ను 29తో హెచ్చవేయాలి, 493 మోతలు మోగాలి. ఈ లెక్క మాకు ఇస్తే ఏం చేస్తామో తెలుసు కదా. 493నూ తప్పకుండా నడిపించి, సరిగ్గా సమం (తాళం మొదటి దెబ్బ) మీద దింపి, గాయకుడి వైపు ఓరగా చూసి, సభ చేత చప్పట్లు కొట్టించుకుంటాం. మెస్సియాన్ దింపలేదు. రెండూ కలవడానికి చాలా ముందే ఆ భాగాన్ని ఆపేశారు. సమానికి రావడం కాలం లోపలి పని, ఆయన రాస్తున్నది కాలం ముగిసిపోవడం గురించి. లెక్క ఎక్కడికో సాగిపోతూనే ఉంది, మనకు దానిలో ఒక తునక మాత్రమే వినిపించింది. ఒక తాళవాద్యకారుడిగా నాకు ఇది మింగుడుపడటానికి చాలా కాలం పట్టింది. మింగుడుపడ్డాక మాత్రం మన ముక్తాయిల్లో కొన్ని మరీ సర్కసులా అనిపించాయి. ఈ మాట తోటి విద్వాంసులకు కోపం తెప్పిస్తుందని తెలుసు.

ఆ 120లో ఢేంకీ అనే తాళం ఉంది. గురువు, లఘువు, గురువు. ఛందస్సు చదువుకున్న తెలుగువారికి అది ర-గణం. 'శారదా' అంటే వచ్చేస్తుంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. మెస్సియాన్‌కు ఇది మహా ఇష్టం. ఇలా తిరగేసినా మారని లయలను పెంచి, పొడిగించి, తన పద్ధతికే మూలస్తంభం చేసుకున్నారు, 1944లో తన సంగీత భాష గురించి రాసిన పుస్తకంలో వివరించారు. మన పద్యాలలో ర-గణాలు లెక్కలేనన్ని. వాటిని తిరగేసి చూడాలని మనకెవరికీ అనిపించలేదు, పాపం ఆ ఆర్గన్ వాయించే ఆయనకు అనిపించింది.

ఇక గర్వం మాట. ఆ 120 తాళాల్లో ఇవాళ మన కచేరీల్లో ఎన్ని వినిపిస్తున్నాయి? ఆది, రూపకం, మిశ్రచాపు, ఖండచాపు. వీటితోనే సాయంత్రం గడిచిపోతుంది. 128 అక్షరాల సింహనందన తాళంలో మహా వైద్యనాథయ్యర్ తిల్లానా కట్టారని పాఠంలో చెబుతాం, పరీక్షలో రాయిస్తాం, అక్కడితో సరి. మనం అటకెక్కించిన సామానును పొరుగువాడు దించి వాడుకుంటే, అది మా తాతలదని కేకలు వేయడం ఎందుకు? ఇంకో సంగతి. సంగీత రత్నాకరానికి ఉన్న పేరుమోసిన వ్యాఖ్యానాల్లో ఒకటి సంగీత సుధాకరం, సింగభూపాలుడి పేర ఉన్నది. ఇప్పటి తెలంగాణలోని రాచకొండను ఏలిన రేచర్ల వారు. అడయారు గ్రంథాలయం వారు మూలంతో పాటు ఆ వ్యాఖ్యానాన్నీ అచ్చు వేశారు. గర్వపడటానికి రెండు పేజీలు తీసుకున్న వ్యాసంలో తెలుగు గడ్డ మీది ఈ ఒక్క ముక్కకు మాత్రం చోటు లేకపోయింది!

అమెరికా సంగీతకర్త ఫిలిప్ గ్లాస్ గురించి క్లుప్తంగా చెబుతాను. 1960ల నడుమ పారిస్‌లో ఒక సినిమా కోసం రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టే పని ఆయనకు దొరికింది. ఆయన అడ్డగీతలు గీసి కాలాన్ని గళ్లు చేసినప్పుడల్లా, అలా కాదు, స్వరాలన్నీ సమానమే అని తబలా అల్లారఖా తల అడ్డంగా ఊపేవారట. విసిగి గీతలన్నీ చెరిపేసేసరికి దారి కనిపించిందట. ఆయన మన తాళాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నారా అంటే నాకు అనుమానమే. చిన్నచిన్న ముక్కలు కూడుతూ పోవడమొక్కటే మన పద్ధతి కాదు. కానీ ఆ సగం అవగాహనలోంచే ఆయన మార్గం పుట్టింది. 1980లో రోటర్‌డామ్‌లో మొదటిసారి ప్రదర్శించిన ఆయన ఒపెరా 'సత్యాగ్రహ' గాంధీజీ దక్షిణాఫ్రికా రోజుల గురించి. పాత్రలు పాడేదంతా సంస్కృతంలో భగవద్గీత శ్లోకాలు. మరో అమెరికా సంగీతకర్త టెర్రీ రైలీ మాత్రం హిందుస్తానీ గాయకుడు పండిత ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యుడిగా కూర్చుని గాత్రం నేర్చుకున్నారు. అయితే ఆయనకు పేరు తెచ్చిన 53 చిన్న పదబంధాల కృతి 1964 నాటిది, గురువు దొరకకముందుది. ముందు వెనకలు చూసుకోకుండా 'అంతా మన ప్రభావమే' అని రాస్తే ఇలాంటి చోటే దొరికిపోతాం. ఫ్రెంచి సంగీతకర్త డెబుస్సీ 1889లో పారిస్ ప్రదర్శనశాలలో విని మురిసిపోయింది జావా వాద్యబృందాన్ని. అమెరికా సంగీతకర్త స్టీవ్ రైక్ 1970లో డప్పులు నేర్చుకోవడానికి వెళ్లింది ఘనాకు. గ్రీకు సంగీతకర్త గ్జెనాకిస్ అయితే సంగీతానికి గణితం నుంచి, ఇంజనీరింగు నుంచి వచ్చారు. చండీగఢ్‌కు రూపం గీసిన లె కార్బూజియే దగ్గర ఉద్యోగం ఆయనది. మెస్సియాన్ తరగతిలో కూర్చున్నప్పుడు, నీకు మామూలు స్వరసమ్మేళన పాఠాలు అక్కరలేదు, నీ గణితాన్నే సంగీతంలో పెట్టుకో అని మెస్సియాన్ చెప్పారట. ఇలాంటి గురువులు మనకూ కొందరుంటే బాగుండును.

స్టీవ్ రైక్ 1972లో చప్పట్లతోనే ఒక కృతి రాశారు. వాద్యాలు మోసుకెళ్లే బాధ లేని కృతి కావాలని. ఇది మా పిల్లల చేత చేయించాను కాబట్టి విన్నదే కాదు, కన్నది కూడా చెప్పగలను. 12 అక్షరాల జతి (లయ వరుస): మూడు చప్పట్లు, ఒక ఖాళీ, రెండు చప్పట్లు, ఒక ఖాళీ, ఒక చప్పట్టు, ఒక ఖాళీ, రెండు చప్పట్లు, ఒక ఖాళీ. మన మాటల్లో 'తకిట, తక, త, తక'. ఇద్దరూ కలిసి మొదలుపెడతారు. ఒకరు చివరి దాకా దాన్నే కొడతారు. రెండోవారు 12 సార్లు కొట్టాక ఒక్క అక్షరం ముందుకు జరుగుతారు, మళ్లీ 12 సార్లు, మళ్లీ ఒక అక్షరం. అలా జరిగి జరిగి ఆఖరుకు ఇద్దరూ మళ్లీ కలుస్తారు. కాగితం మీద మొదటి ఏడాది పాఠంలా ఉంటుంది. తని ఆవర్తనం (కచేరీలో తాళవాద్యం ఒంటరిగా వాయించే ఘట్టం) వాయించగల ఇద్దరు కుర్రవాళ్లను కూర్చోబెట్టాను. మొదటి జరుగుడులోనే ఇద్దరూ గల్లంతు. ఎందుకంటే ఇందులో తాళం వేసే చెయ్యి లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు తాళం చూపుతుంటే దాని మీద ఆడుకోవడం మన అలవాటు. ఇక్కడ రెండు చేతులూ వాయించడానికే సరిపోయాయి, సమం ఇద్దరికీ వేర్వేరు. ఒకడు దొంగతనంగా కాలితో ఆది తాళం వేసుకోబోతే కాలి మీద ఒకటి వేశాను.

కొన్ని సాయంత్రాలకు కుదిరింది. కుదిరాక జరిగింది చూడాలి. ఒక్కో జరుగుడు దగ్గర ఇద్దరిలో ఎవరూ కొట్టని కొత్త జతి గదిలో వినిపిస్తుంది. పక్క గదిలో వింటున్న ఒక తండ్రి ఆగలేక వచ్చి, 'మాస్టారూ, చప్పట్లకు కూడా ఫీజు కడుతున్నామా?' అని అడిగారు. ఆయన్నూ కూర్చోబెట్టి మొదటి జతి కొట్టమన్నాను. ఆ ప్రశ్న మళ్లీ వేయలేదు.

అన్నీ నాకు నచ్చుతాయని అనుకోకండి. జర్మనీలో హాల్బర్‌స్టాట్ అనే ఊరి పాత చర్చిలో కేజ్ ఆర్గన్ కృతి ఒకటి 2001 సెప్టెంబరు 5న మొదలుపెట్టారు, 2640లో ముగుస్తుంది. వీలైనంత నెమ్మదిగా వాయించాలని కేజ్ రాసిపెట్టారు. ఆ ఊళ్లో 1361లో పెద్ద ఆర్గన్ కట్టారు. అప్పటినుంచి 2000 దాకా 639 ఏళ్లు కాబట్టి అన్నేళ్లు సాగాలని నిర్ణయించింది కేజ్ కాదు, ఆయన పోయాక అక్కడివారు. మొదటి 17 నెలలు విరామమే. 2003 ఫిబ్రవరిలో గాని మొదటి నాదం పుట్టలేదు. మీటలను బరువులు వేలాడదీసి నొక్కి ఉంచుతారు. 2024 ఫిబ్రవరి 5న స్వరం మారితే చూడటానికి జనం వచ్చారు. నన్నడిగితే అది స్మారకం, సంగీతం కాదు. మనిషి ఊపిరికీ జ్ఞాపకానికీ అందని కాలం మీద నాకు వృత్తిపరంగా ఆసక్తి లేదు. లిగెటి అనే సంగీతకర్త 100 మెట్రోనోముల కృతి మాత్రం వినవలసినదే. మొదట వాన, ఆ తర్వాత ఒక్కొక్కటే కీ అయిపోయి ఆగుతుంటే లయలు విడివిడిగా తేలతాయి. మీ వ్యాసకర్త దాన్ని కూడా ఆ నవ్వులాటలో కలిపేశారు.

వినడానికి ఓపిక కావాలన్న సంగతి అక్కడివారికీ తెలుసు. 1918లో వియన్నాలో సంగీతకర్త షోన్‌బర్గ్ కొత్త సంగీతం కోసం ఒక సంఘం పెట్టారు. అక్కడ చప్పట్లు కొట్టకూడదు, ఈల వేయకూడదు, పత్రికా విమర్శకులకు ప్రవేశం లేదు (మీరు నొచ్చుకోకండి), ఒకే కృతిని పదే పదే వాయించేవారు. మనం కచేరీలో వినేది చాలావరకు ముందే నోటికి వచ్చిన కీర్తన. ఎప్పుడూ వినని దాన్ని ఒకే ఒక్కసారి, అదీ ఫోనులో సగం, విని తీర్పు చెప్పేస్తే ఎలా?

ప్రయోగం పరాయిదన్న భావం వ్యాసం పొడవునా ఉంది. మా విజయనగరంలోనే ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులతో, రెండు కాళ్లతో వేర్వేరు తాళాలు వేస్తూ పాడేవారని పెద్దలు చెప్పుకునేవారు. ఇక్కడి సంగీత కళాశాల 1919లో మొదలైతే తొలి అధ్యక్షులు ఆయనే. అలాంటి పనికి మనిషి చేతులు చాలవని, కాన్లన్ నాన్‌కారో అనే సంగీతకర్త మెక్సికో నగరంలో కూర్చుని యంత్రపు పియానో కోసం కాగితపు చుట్టలకు తన చేత్తో చిల్లులు పొడిచేవారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మూడు నాలుగు స్వరాలతో సర్వశ్రీ, లవంగి, మహతి కల్పించినప్పుడు అవి రాగాలే కావన్న విద్వాంసులున్నారు. వయొలిన్ అయితే ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితుల వారి కాలం దాకా మన కచేరీలో లేనే లేదు. 1969లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్‌తో (విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే యంత్రం) ఎలక్ట్రానిక్ సంగీతశాల పెట్టారు. దాన్ని నెలకొల్పడానికి వచ్చింది ఎవరనుకున్నారు? ఉడ్‌స్టాక్‌లో పియానో మూత మూసిన ఆ డేవిడ్ ట్యూడరే. వెనక ఉన్నది గీతా సారాభాయ్. అక్కడ మన వాళ్లు చేసిన రికార్డింగులు దశాబ్దాలు మరుగున పడి ఉండి, 2023లో గాని ఆల్బమ్‌గా బయటికి రాలేదు. మీ అనుబంధానికి రెండు పేజీలు దొరికినప్పుడు ఇలాంటివి వేయవచ్చు.

ఉత్తరం పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే మొదటి పేరాలో నా వెటకారం తీసేయండి, 17, 29 లెక్క మాత్రం ఉంచండి. వ్యాసకర్త గారికి అభ్యంతరం లేకపోతే ఒక సాయంత్రం మా ఇంటికి రమ్మనండి. మెస్సియాన్ కృతి మొత్తం ముప్పావు గంట పైచిలుకు. మధ్యలో కాఫీ ఇస్తాం, ఫోను మాత్రం గుమ్మం దగ్గర పెట్టాలి. విన్నాక తిట్టదలిస్తే తిట్టుతూ రాయమనండి, నేనే ముందు చదువుతాను.

ఇంకొక చిన్న సవరణ. రెండో పేజీలో 'కేజ్ పాడుచేసిన పియానో' అని కింద రాసి వేసిన ఫొటో కేజ్ పియానోది కాదు. అందులో తీగల మధ్య కనిపించే ఎర్ర గుడ్డ పట్టీ, శ్రుతి చేసేటప్పుడు పక్క తీగలు మోగకుండా పెట్టేది. ఆ మనిషి చేతిలో ఉన్నది తీగ బిగించే పనిముట్టు. ఎక్కడా బోల్టు లేదు, మర లేదు. ఆయన పాపం పియానోను బాగుచేస్తున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత మృదంగ ఉపాధ్యాయుడు,
విజయనగరం.
(పేరు, చిరునామా మీ కార్యాలయానికి వేరుగా పంపాను, అచ్చు వేయనక్కరలేదు.)